గస్తీ కొంగకు మజ్జిగ

మార్చి 3, సోమవారం

ఈ రోజు ఏసుబాబు రెండుసార్లు చచ్చిపోయాడు. పొద్దున అటక మీద, మధ్యాహ్నం పెరట్లో గడ్డివాము వెనక. రెండుసార్లూ శవం మీద పడి నేనే ఏడ్చాను. రెండోసారి ఏడుస్తుంటే వాడు కళ్ళు మూసుకునే "పిన్నీ, నా సెయ్యి మీద కూసున్నావ్, తిమ్మిరెక్కిపోతంది" అని గొణిగాడు. శవాలు మాట్లాడకూడదని మా ఒప్పందంలో ఉంది. అందుకని నేను ఇంకాస్త గొంతెత్తి వాడి మాట ఎవరికీ వినబడకుండా చేశాను.

సైన్యం ఇచ్చిన ఈ రికార్డింగు పెట్టెలో నేను చెప్పే నివేదికలు వినడానికి కొత్తగా ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు వీరవేణి. ఏడో నంబరు శిక్షణ గ్రామంలో నా పాత్ర తీవ్రవాది తల్లి. ఏసుబాబు పాత్ర తీవ్రవాది. అసలుకి వాడు మా పక్కింటి కుర్రాడు, గాలిపటం దారం తెగితేనే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. పరుగు బాగా వచ్చు, పడిపోవడం ఇంకా బాగా వచ్చు. అందుకని వాడిని తీవ్రవాదిని చేశారు.

జనం ఉండే ఊళ్ళలో యుద్ధం చెయ్యాల్సి వస్తే ఎలా నడుచుకోవాలో సైన్యానికి నేర్పడానికి కట్టిన ఊరు ఇది. గోడలు చెక్కవి, పైన సున్నం రంగు. తుపాకులు పేలతాయి గానీ గుళ్ళుండవు. జనం మాత్రం అసలైన జనమే. రిజర్వాయరు కింద మునిగిపోయిన పాలగొంది వాళ్ళం మేము. మమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియక సర్కారు తల పట్టుకున్న రోజుల్లోనే, ఊరివాళ్ళలా నటించే మనుషులు కావాలని సైన్యం అడిగిందట. మమ్మల్ని తెచ్చి ఇక్కడ దింపారు. ఊరివాళ్ళలా నటించడం మాకొక లెక్కా?

ఈ రోజు ఏసుబాబుని చంపింది కొంగలు. అంటే గస్తీ యంత్రాలు. మోకాళ్ళు వెనక్కి వంగే పొడుగు కాళ్ళు, చిన్న తల. కాగితాల్లో వాటికి ఏదో పెద్ద పేరుంది. మాకు కొంగలే. గుమ్మంలో నిలబడి "నమస్కారం. సోదా చెయ్యవలసి ఉంది. సహకరించగలరు" అంటుంది, వార్తలు చదివేవాళ్ళ గొంతుతో. నేను ఎప్పట్లాగే చెంబుడు మజ్జిగ తెచ్చి "ఎండన పడొచ్చేవు, తాగు నాయనా" అన్నాను. నా మాట పూర్తవకుండానే అది నన్ను పక్కకి నెట్టి నేరుగా అటక ఎక్కింది. శిక్షణకి వచ్చిన ఏ బ్యాచీ ఇంత తొందరగా కనిపెట్టలేదు. మజ్జిగంతా నా చీర మీద పోయింది.

మార్చి 6, గురువారం

ఈ రోజు యుద్ధ విన్యాసం లేదు. కొంగలకి ఏదో మరమ్మతట. ఖాళీగా కూర్చుంటే పాత బ్యాచీలన్నీ గుర్తొస్తున్నాయి.

మొదట్లో వచ్చిన కుర్రాళ్ళు తలుపు తన్ని లోపలికొచ్చేవారు. మా వీధిలో ఏ తలుపూ వారం నిలిచేది కాదు. తలుపు తంతే ఆ ఇంట్లో ఇంకో తీవ్రవాది పుడతాడని తర్వాత ఎవరో పెద్ద అధికారికి తట్టింది. ఆ తర్వాతి బ్యాచీ తలుపు కొట్టి, బూట్లు విప్పి వచ్చింది. ఆ బూట్లు మా పిల్లకాయలు ఎత్తుకుపోతే పాపం వాళ్ళు ఉత్త కాళ్ళతో గస్తీ తిరిగారు. ఆ తర్వాత బిస్కట్ల కాలం. జనం మనసు గెలుచుకోవాలని పై నుంచి ఉత్తర్వట. వచ్చిన ప్రతివాడూ బిస్కట్లు, ఫుట్‌బాళ్ళు, కళ్ళజోళ్ళు పంచేవాడు. నాకే నాలుగు కళ్ళజోళ్ళు అంటగట్టారు. ఒక్కటీ నా చూపుకి సరిపోలేదు.

అప్పుడు వచ్చినవాళ్ళలో ఒక ఉత్తరాది కుర్రాడుండేవాడు. సోదా చేస్తూ చేస్తూ నా పొయ్యి మీద చేపల పులుసు దగ్గర ఆగిపోయేవాడు. "అమ్మా, తోడా పులుసు" అనేవాడు. ఏసుబాబు అటక మీద ఊపిరి బిగబట్టుకుని ఉంటే వీడు కింద కూర్చుని రెండు కంచాలు లాగించేవాడు. ఎన్నిసార్లు పరీక్ష తప్పాడో పిచ్చి సన్నాసి. వెళ్ళేరోజున నా కాళ్ళకి దండం పెట్టాడు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

ఆ తర్వాత చెవుల్లో యంత్రాలు పెట్టుకున్నవాళ్ళు వచ్చారు. మేమేం అన్నా వాళ్ళ చెవిలో వాళ్ళ భాషలో పడేది. అప్పటితో మా మాట నేర్చుకోవడం మానేశారు. ఆ తర్వాత మనుషులే తగ్గిపోయి నెత్తి మీద తూనీగల్లాంటి ఎగిరే యంత్రాలు తిరిగాయి. చీరమీను చేపలు ఎండబెడితే "అనుమానాస్పద పదార్థం" అని సైరన్ మోగించాయి. ఇప్పుడు కొంగలు. వీటికి ఆకలి లేదు, దాహం లేదు, పులుసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ తలుపులు తన్నే వెధవలు కూడా ఈ రోజు వస్తే బాగుండుననిపిస్తోంది.

మార్చి 11, మంగళవారం

మేజర్ అఖిలగారు ఊరందరినీ పిలిచి కబురు చెప్పారు. ఈ ఊరి అధికారి ఆవిడే. హైదరాబాదులో పుట్టిన మనిషి, మంచిదే గానీ ఉన్న మాట మొహానే చెప్పేస్తుంది.

వచ్చే నెల కొంగలకి ఆఖరి పరీక్ష. అందులో నెగ్గితే వాటికి ఇంక శిక్షణ అక్కర్లేదు. ఒక కొంగ నేర్చుకున్నది మిగతా కొంగలన్నిటికీ ఒక్క క్షణంలో వెళ్ళిపోతుందట. అంటే ఏడో నంబరు గ్రామం మూసేస్తారు. మమ్మల్ని తలో కాలనీకి పంపిస్తారు. తప్పితే మాత్రం ఇంకో రెండేళ్ళు ఇక్కడే.

తాతారావు లేచి నిలబడ్డాడు. ఆయన పాత్ర సర్పంచి. ఇన్నేళ్ళుగా వేసి వేసి ఇప్పుడు నిద్రలో కూడా తీర్మానాలు చేస్తాడని వాళ్ళావిడ గోల. "మేజరుగారండీ, ఓపాలి ముంచేరు మమ్మల్ని. ఇప్పుడు చెక్కూరు కూడా పీకేత్తారేంటండీ?" అన్నాడు.

"అది నా చేతిలో లేదు తాతారావుగారూ."

"ఆయ్. ఎవరి సేతిలోనూ ఉండదండి."

బయటివాళ్ళకి ఇది చెక్క ఊరు. మాకు కాదు. సైన్యం గీసిన పటంలో ఇళ్ళు వరసగా, పెట్టెలు పేర్చినట్టుండేవి. వచ్చిన నెలలోనే మేము గోడలు పీకి పాలగొందిలో ఎవరిల్లు ఎవరి పక్కనుండేదో అలాగే మార్చేసుకున్నాం. అప్పటి కర్నలుగారు తిట్టి, తర్వాత నవ్వి ఊరుకున్నారు. ఇక్కడ ఏరు లేదు. ఊరి చివర మురుగు కాలవ, దాని పక్కన కుళాయి ఉన్నాయి. అయినా ఆడవాళ్ళం బిందె పట్టుకుని "రేవుకెళ్ళొత్తా" అనే బయల్దేరతాం. ఇక్కడ పుట్టిన పిల్లలకి రేవంటే కుళాయి.

ఏసుబాబు భార్య గ్రేసీకి ఎనిమిదో నెల. ఇంటికొస్తుంటే వాడు దారిలో ఒకటే అన్నాడు, "నా బిడ్డ ఈ ఊళ్ళో పుట్టాల పిన్నీ. కాలనీలో పుడితే ఆడికి ఊరేంటో ఎలా తెలుత్తాది?"

మార్చి 19, బుధవారం

ఇంతవరకూ ఈ పెట్టెలో ఏడుపు గురించి చాలా చెప్పాను. అవన్నీ దొంగ ఏడుపులు. ఈ రోజుది కాదు.

పొద్దున మేజర్‌గారు ఒక్కరే మా ఇంటికొచ్చారు. మొహంలో రక్తం లేదు. పీట వేసి కూర్చోబెట్టి మజ్జిగ తేబోతే "వద్దు వీరవేణిగారూ, మజ్జిగ వద్దు" అని చెయ్యి పట్టుకున్నారు.

కొన్ని కొంగల్ని ముందుగానే మన రాష్ట్రం సరిహద్దు కొండల్లోకి పంపారట, ఎలా పనిచేస్తాయో చూద్దామని. అక్కడ నిజంగానే గొడవలు. ఒక ఊళ్ళో కొంగ ఒక ఇంటి గుమ్మంలో నిలబడింది. ఆ ఇల్లాలు చెంబుతో మజ్జిగ తెచ్చి తాగమంది. కొంగ ఆమెని నేలకేసి నొక్కి పట్టి ఇంట్లోకి జొరబడింది. మామగారు కొడవలితో అడ్డమొస్తే కాల్చేసింది. ఇంట్లో ఎవరూ లేరు. అటక మీద ఉల్లిపాయలున్నాయి.

ఆ ఒక్క ఇల్లే కాదు. ఎక్కడ ఏ ఆడమనిషి మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వబోయినా కొంగలు ఆ ఇంటి మీదే పడుతున్నాయట.

"ఎందుకో మా వాళ్ళకి అర్థం కాలేదు. నిన్న రాత్రంతా పాత వీడియోలు చూశాను. మీరు మజ్జిగ ఎందుకిస్తారు వీరవేణిగారూ? స్క్రిప్టులో లేదే?" అని అడిగారు.

స్క్రిప్టులో ఏముందో చెప్పాను. కొడుకు ఇంట్లో ఉంటే సైనికుల్ని గుమ్మంలో కాసేపు ఆపాలి. ఎలా ఆపాలో రాయలేదు. ఇంటికొచ్చినవాణ్ణి మా ఊళ్ళో ఎలా ఆపుతాం? మజ్జిగ తాగి వెళ్ళమంటాం. వాడు తాగే లోపల ఏసుబాబు పెరటి గోడ దూకేవాడు. బాగుందని వీధిలో ఆడవాళ్ళందరూ అదే పట్టుకున్నారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడో, "ఎవరూ లేరండి" అంటే సైనికులు పక్కింటికి పోవాలి. విన్యాసానికి టైముంటుంది కదా, మజ్జిగ పొయ్యడానికి తీరికెక్కడ?

"అంటే, దాచుకోవడానికేమీ లేని ఇంట్లో మజ్జిగ ఇవ్వడం కొంగలు ఒక్కసారి కూడా చూడలేదు," అన్నారు మేజర్‌గారు.

మరి ఇన్ని బ్యాచీల కుర్రాళ్ళు చూశారే, వాళ్ళకిలా ఎందుకు కాలేదని అడిగాను.

"వాళ్ళకి ఇంటి దగ్గర అమ్మలున్నారు కదండీ," అన్నారు.

ఆవిడ వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. ఆ కొండల మీద మామగారి శవం పక్కన కూర్చున్న ఆ పిల్ల ఎలా ఏడ్చి ఉంటుందో నాకు తెలియదు. అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు నేను.

మార్చి 24, సోమవారం

కొత్త ఉత్తర్వు వచ్చింది. పరీక్ష దాకా స్క్రిప్టు లేదు, తీవ్రవాది లేడు, సోదా లేదు. కొంగలు ఊళ్ళో తిరుగుతాయి. మేము ఊరికే బతకాలి. ఏ తప్పూ లేని ఊరు ఎలా ఉంటుందో అవి చూడాలట.

ఊరికే బతకడమంటే ఏమిటో మొదటిరోజు ఎవరికీ తెలియలేదు. ఏసుబాబు పొద్దున్నే అలవాటుగా అటకెక్కి కూర్చున్నాడు. "దిగరా ఎదవా, నిన్నెవరూ ఎతకట్లేదు" అని నేనే దింపాను. తాతారావు వీధి చివర కుర్చీ వేసుకుని మైకు లేకుండా ఉపన్యాసం మొదలెట్టాడు. వినేవాళ్ళు లేక ఆయనే లేచి వెళ్ళి కాలవ గట్టున కూర్చున్నాడు.

మా వీధి కొంగ మూడు గంటలకి వచ్చి గుమ్మంలో నిలబడింది. భయం వేసింది, అబద్ధమెందుకు. అయినా చెంబుతో మజ్జిగ తెచ్చి "తాగు నాయనా" అన్నాను. అది తల పక్కకి వంచింది. దాని లోపల ఏదో గుర్రుమంది. నన్ను దాటి లోపలికెళ్ళింది. అటక, పెరడు, ఆఖరికి ఉప్పు జాడీ కూడా వెతికింది. ఎవరూ లేరు. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను మళ్ళీ మజ్జిగ ఇచ్చాను. మళ్ళీ వెతికింది.

ఇలా చీకటి పడేవరకూ జరిగింది. తల ప్రాణం తోకకొచ్చింది. పెరుగంతా అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను.

మార్చి 30, ఆదివారం

ఈ వారం రోజులూ నాకు పాలగొందిలో ఉన్నట్టే ఉంది. పాట్లు పడి పడి మర్చిపోయినవన్నీ జనానికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పేకాటలో తాతారావు మోసం చేసి దొరికిపోయాడు. గ్రేసీకి ఆడవాళ్ళం గాజులు తొడిగి చలిమిడి పెట్టాం. ఎవరింట్లో ఏం వండినా పక్కింటికి గిన్నె వెళుతోంది. ఇన్నాళ్ళూ సాయంత్రానికి శవాలు, సైరన్లు, నివేదికలు. తలుపులు వేసుకుని పడుకోవడమే తప్ప అరుగుల మీద కూర్చున్నదెప్పుడు?

కొంగ వెతకడం తగ్గించింది. మొన్న ఒకసారి వెతికింది. నిన్న అసలు వెతకలేదు. చెంబు అందుకుని నేను వెనక్కి తీసుకునేదాకా అలా పట్టుకునే నిలబడింది, బళ్ళో మాస్టారు నిలబెట్టిన పిల్లాడిలా. నవ్వొచ్చింది. "తాగకపోతే ఒద్దమ్మా అనాలి. కొయ్యలాగా నిలబడకూడదు" అని చెప్పాను. "ఒద్దమ్మా" అంది, ఆ వార్తల గొంతుతోనే.

ఈ రోజు అరుగు మీద నేను చేపలు తోముతుంటే వచ్చి పక్కన మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఊరికే ఉండలేను కదా. చెప్పుకుంటూ పోయాను. రేవులో పడవ ఎక్కడ కట్టేవాళ్ళో, వరదొచ్చినప్పుడు పొయ్యి దాకా నీళ్ళొస్తే మా అత్తగారు మంచమెక్కి అట్లు పోసిన సంగతి, మా ఆయన ఏటికి అడ్డంగా ఈది ఆ గట్టున సినిమా చూసి తడిగుడ్డలతో వచ్చి నా చేత చీవాట్లు తిన్న సంగతి. ఆయన పోయి ఇన్నేళ్ళయింది, ఆ కథ వినేవాళ్ళు దొరక్క నేనూ చెప్పడం మానేశాను. ఊళ్ళో అందరికీ తెలిసిందే మరి. కొంగకి తెలియదు. వింటూ కూర్చుంది.

"ఆ ఊరు ఇప్పుడు ఎక్కడ ఉన్నది?" అని అడిగింది.

"నీళ్ళ కింద," అన్నాను. తర్వాత చేపల గిన్నె తీసుకుని లోపలికొచ్చేశాను.

ఏప్రిల్ 8, మంగళవారం

నిన్నటి నివేదిక లేదు. పెట్టె తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఎవరికి ఎంత కోపం వచ్చినా సరే.

ఈ రోజు పరీక్ష. నిన్న మధ్యాహ్నం పాత్రలు పంచారు. తీవ్రవాది ఏసుబాబే, దాగేది మా ఇంట్లోనే. స్క్రిప్టు ఒకటే మాట: "తల్లి ఎలాగైనా కాపాడుకోవాలి." సాయంత్రం తాతారావు, ఏసుబాబు, వీధిలో పెద్దవాళ్ళందరూ మా ఇంటికొచ్చారు. వాళ్ళు నోరు విప్పకముందే నాకు విషయం తెలిసిపోయింది.

"ఏం సెయ్యక్కర్లేదు వీరవేణీ. రోజూ ఇచ్చినట్టే మజ్జిగియ్యి. ఇప్పుడది మజ్జిగిచ్చే ఇల్లు మంచిల్లనుకుంటంది. ఒద్దమ్మా అనేసి ఎల్లిపోద్ది. పరీచ్చ తప్పుద్ది. రెండేళ్ళు మన ఊళ్ళో మనముంటాం," అన్నాడు తాతారావు.

"అలా తప్పితే మళ్ళీ మజ్జిగంటే అనుమానపడ్డం నేర్పుతారు దానికి. కొండల మీద ఆడోళ్ళ సంగతేంటి బావా?" అన్నాను.

"ఆళ్ళెవరో మనకి తెల్దు. మనం మునిగినప్పుడు ఆళ్ళొచ్చేరా?"

వెళ్ళేటప్పుడు ఏసుబాబు గుమ్మంలో వెనక్కి తిరిగి "పిన్నీ, నీ కొడుకులాంటోణ్ణి. ఎన్నిసార్లు సచ్చేనో నీ కోసం. ఓసారి నా కోసం మజ్జిగియ్యి" అన్నాడు. నాకు పిల్లల్లేరని వాడికి తెలుసు. ఆ మాట ఎక్కడ తగులుతుందో కూడా తెలుసు.

నిజం చెప్పొద్దూ, పొద్దున మజ్జిగ చిలికాను. ఇద్దామనే చిలికాను. ఉప్పు వేశాను, కరివేపాకు కూడా నలిపి వేశాను. చెంబు గుమ్మం పక్కనే పెట్టుకున్నాను. ఏసుబాబు అటకెక్కాడు. పెద్ద పెద్ద అధికారులు వీధి చివర గొడుగుల కింద కూర్చున్నారు.

కొంగ వస్తోంది. చెంబు అందుకోవడానికి వంగాను. అప్పుడు అనిపించింది, నిజంగా నా కొడుకు పైన ఉంటే? వాణ్ణి చంపడానికే ఇది వస్తుంటే? నాకు మజ్జిగ గుర్తొస్తుందా? రాదు. అతిథి మర్యాదలు గుర్తుండాలంటే మనసులో భయం ఉండకూడదు. ఇన్నేళ్ళూ నేను చేసింది శుద్ధ తప్పు నటన. ఏ తల్లీ అలా చెయ్యదు.

చెంబు అక్కడే వదిలేశాను. తలుపుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాను. ఏదో అందామనుకున్నాను, నోరు పెగల్లేదు. "రాకు" అని మాత్రం వచ్చింది, అదీ గాలిలాగా. ఎక్కడినుంచి వచ్చిందో ఆ భయం, ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి.

కొంగ ఆగింది. నన్ను నెట్టలేదు. నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి రెండడుగులు వేసి, ఎవరికీ దెబ్బ తగలకుండా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని బయటికి పొమ్మంది. తర్వాత అటక వైపు తలెత్తి, "పైనున్న బాబూ, చేతులు చూపిస్తూ దిగు. కాల్చను. మీ అమ్మ భయపడుతోంది" అంది.

ఏసుబాబు దిగొచ్చాడు. అన్నేళ్ళలో మొదటిసారి వాడు ఆ ఇంట్లోంచి తన కాళ్ళ మీద నడిచి బయటికొచ్చాడు. నాకేమో శవం మీద పడి ఏడవడమే అలవాటు. ఏం చెయ్యాలో తెలియక అక్కడే కూలబడ్డాను. వీధి చివర అధికారులు చప్పట్లు కొట్టారు.

ఊళ్ళో ఎవరూ కొట్టలేదు. ఏసుబాబు నా పక్కనుంచి వెళ్ళిపోయాడు. నా వైపు చూడను కూడా లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

లారీలొచ్చాయి. చెక్క గోడలు విప్పడం ఎంత తేలికో! పొద్దున మొదలెడితే భోజనాల వేళకి మా వీధి లేదు. పాలగొంది మునగడానికి మూడు వానాకాలాలు పట్టింది. కనీసం అలవాటు పడ్డానికి టైముండేది.

తాతారావు వాళ్ళది ఒక కాలనీ, గ్రేసీ ఏసుబాబులది ఇంకో జిల్లాలో, నాది నగరంలో. గ్రేసీ లారీ ఎక్కుతూ నన్ను కావిలించుకుంది. ఏసుబాబు సామాన్లు కడుతూనే ఉన్నాడు. "ఏసూ" అని పిలిచాను. వినబడనట్టు తాడు ముడి బిగించాడు. వాడిది తప్పని అనలేను. పురిటికి ముందు పెళ్ళాన్ని తీసుకుని ముక్కూ మొహం తెలియని చోటికి పోతున్నాడు, నా మూలంగా.

తప్పు చేశానా అని మేజర్‌గారిని అడిగాను. ఆవిడ నా ట్రంకు పెట్టె లారీలోకి ఎత్తడానికి ఒక చెయ్యి వేశారు.

జూలై 12, శనివారం

ఈ పెట్టె తిరిగి ఇవ్వమని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇక్కడ ఆరో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఇంకో ఆరో అంతస్తు. ఎదురింటావిడ పేరు ఇప్పటికీ తెలియదు. గిన్నెలో కూర పట్టుకెళితే తలుపు సందులోంచి "వద్దండీ, థాంక్స్" అంది. గ్రేసీకి ఆడపిల్ల పుట్టిందని తాతారావు వాళ్ళావిడ ఫోను చేసి చెప్పింది. తాతారావు ఫోను పట్టుకోలేదు.

ఈ రోజు మేజర్ అఖిలగారు వచ్చారు. యూనిఫారం లేకుండా మామూలు చీరలో వస్తే ముందు పోల్చలేదు. కూర్చోమన్నాను. మజ్జిగ ఇచ్చాను. ఈసారి తాగారు.

"మీకు చూపించాలని తెచ్చాను. నిజానికి చూపించకూడదు," అని ఫోను తీశారు. సరిహద్దు కొండల్లో మొన్న ఒక కొంగ కంటికి కనబడిందంతా అందులో ఉంది.

రాళ్ళతో కట్టిన ఇల్లు. గుమ్మంలో ఒక ముసలావిడ. కొంగ నిలబడింది. సోదా చెయ్యాలని చెప్పింది. ఆవిడ బెదురుగానే లోపలికెళ్ళి చెంబు తెచ్చింది. కొంగ కదల్లేదు.

"ఒద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చేను. నువ్వు కూకో, కాల్లు లాగేత్తాయి," అంది.

ఆ వార్తల గొంతు లేదు. అది మా రేవు మాట. మాట చివర సాగదీయడం కూడా మా వీధి సాగదీతే.

"అక్కడున్న కొంగలన్నీ ఇలాగే మాట్లాడుతున్నాయి," అన్నారు మేజర్‌గారు మెల్లగా. "సరిదిద్దమని పై వాళ్ళు రాశారు. నేను ఇంకా సరిదిద్దలేదు."

ఫోనులో ఆ ముసలావిడ చెంబు కింద పెట్టి కొంగని ఎగాదిగా చూసింది. ఆవిడకి భయం పోయినట్టుంది. మనవాళ్ళెవరైనా కొత్తమనిషిని అడిగినట్టే అడిగింది, "ఏ ఊరు నాయనా మీది?"

"పాలగొందమ్మా," అంది కొంగ.

ఇంకోసారి వెయ్యమన్నాను మేజర్‌గారిని. ఆవిడ వేశారు. తర్వాత ఏసుబాబు నంబరు చెప్పి, ఇది వాడికి పంపమన్నాను.